రెండు ముడుల వైరు

సరైన జవాబు వల్ల టీచరుకు మిగిలేదేమీ లేదని ఫరీన్ లెక్క. తెలుసు కాబట్టి పెట్టారు, ముందుకు పోదాం, అంతే. సరుకంతా తప్పు జవాబులోనే ఉంటుంది. ఎక్కడ దారి తప్పారో, ఎక్కడికి పోయి వెనక్కి పిలుచుకురావాలో అదే చెబుతుంది. అందుకే క్విజ్ తయారు చేసేటప్పుడు సరైన జవాబు రాయడానికి ఆమెకు క్షణం పట్టదు. పక్కన పెట్టే తప్పు జవాబులకే సాయంత్రమంతా కరిగిపోతుంది.

ఆ తప్పుల్ని ఆమె ఊహించి రాయదు. క్లాసులో పిల్లల నోటి నుంచి ఏరుకుంటుంది. లైటు వెలిగించు, ఒక సెకను ఆగు, ఆర్పు. దీన్నే తిప్పి తిప్పి చేయి అని కోడ్ రాస్తే లైటు ఏం చేస్తుంది? ఆర్పిన తరువాత ఆగమని చెప్పలేదు కాబట్టి వెంటనే మళ్ళీ వెలుగుతుంది, ఎప్పుడూ వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. "ఒకసారి వెలిగి ఆరిపోతుంది" అని పెట్టినవాళ్ళకు తిప్పి తిప్పి చేయడమంటే ఇంకా ఎక్కలేదు. "మినుకు మినుకుమంటుంది" అన్నవాళ్ళు కోడ్ చదవలేదు, నిన్న చూసిన లైటును గుర్తు చేసుకున్నారు. ఒక్కో తప్పు జవాబు కింద అది ఏం చెబుతుందో రెండు ముక్కలు తనకోసం రాసి పెట్టుకుంటుంది.

పెనుకొండ బస్టాండు వెనక, ఎరువుల అంగడి మీది మేడలో ఆ ట్రైనింగ్ సెంటర్. నడిపేది రియాజ్. హిందూపురం పాలిటెక్నిక్‌లో ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే సోల్డరింగ్ ఐరన్‌తో చదువుకున్నారు. సెంటర్ పెట్టేటప్పుడు రియాజ్ మొదట ఫోను చేసింది ఫరీన్‌కే. బయటి తిరుగుడు అతనిది, పాఠాలు ఆమెవి. హైవే మీది కంపెనీ ఒకటి, ఎలక్ట్రానిక్స్, కొంచెం కోడింగ్ నేర్పిస్తే ఈ బ్యాచ్ నుంచి పనికి మనుషుల్ని తీసుకుంటామని మాటిచ్చింది.

సోమవారం ఉదయం క్విజ్. ప్రశ్నలు అందరి ఫోన్లకూ పోయాయి. ఇంగ్లీషు చదవలేనివాళ్ళు ఒత్తితే ఫరీన్ గొంతే తెలుగులో ప్రశ్న చెబుతుంది.

"దీనికి మార్కుల్లేవు. మీ జవాబులు నేను తప్ప ఎవురూ చూడరు. తెలీకుంటే తెలీనట్లే పెట్టండి. పక్కోళ్ళది చూసి పెడితే మీకు నష్టం, నాకూ నష్టం."

"తప్పు పెడితే మీకు లాభమా మేడం?" అంది తనూజ. నల్లమాడ దగ్గర వేరుశనగ పొలాల నుంచి వచ్చిన పిల్ల. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"లాభమే."

"అయితే ఈపొద్దు మీకు పండగే."

గదంతా నవ్వింది. వెనక బల్లలో సాయిప్రసాద్ కూడా నవ్వాడు. ఏడో ప్రశ్న నిజానికి అతని కోసమే పెట్టినది.

ధర్మవరం పిల్లోడు. చేతిలో ఒడుపు ఉంది, అతను అతికించిన చోట సీసం పూసలాగా మెరుస్తుంది. అయినా వైర్ల డబ్బాలో నుంచి వైరు తీయమంటే మాత్రం పక్కవాడు తీసేదాకా ఆగుతాడు. అందరి ముందరా అడగడం ఫరీన్‌కు ఇష్టం లేకపోయింది. అందుకని పక్కపక్కనే రెండు బొమ్మలు పెట్టింది. ఎడమ బొమ్మ సరిగ్గా ఉంది. కుడి బొమ్మలో ఎర్ర వైరు, పచ్చ వైరు తారుమారయ్యాయి. తేడా ఏమిటి? నాలుగో జవాబు: రెండు బొమ్మలూ ఒకటే.

సాయిప్రసాద్ నాలుగోది పెట్టాడు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు దిగిపోయాక ఫరీన్ అతన్ని ఆపింది.

"ఏడోది ఎందుకట్ల పెట్టినావు సాయీ?"

"రెండూ ఒకటే గదా మేడం."

ఆమె డబ్బాలో నుంచి రెండు వైర్లు తీసి బల్ల మీద పెట్టింది. "వీటిలో ఎర్రది ఇయ్యి."

అతను వైర్లను చూడలేదు. ఆమె ముఖం చూశాడు. వేళ్ళు ఒక వైరు వైపు మెల్లగా కదిలాయి, కళ్ళు ఆమె కళ్ళ మీదే ఉన్నాయి. చేయి ఇంకో వైరు వైపు జరిగింది. ఇన్నేళ్ళూ ఎట్లా నెట్టుకొచ్చాడో ఫరీన్‌కు అప్పుడు అర్థమైంది. కళ్ళు మూసుకుంది.

చేయి ఆగిపోయిన చప్పుడు కూడా ఉంటుందేమో. కింద ఎరువుల బస్తాలు దించుతున్నవాళ్ళ కేకలు వినిపించాయి.

"తెలీదు మేడం," అన్నాడు.

ఆమె కళ్ళు తెరిచేసరికి అతను వైర్లను చుట్ట చుడుతున్నాడు. "మా అమ్మకు తప్ప ఎవురికీ తెలీదు. నాకు మగ్గం మీద మనసు లేదనుకుంటాడు నాయన. కండెలకు దారం చుట్టేటప్పుడు అమ్మ కొసకు ముడులేస్తాది. ఎరుపుకు ఒకటి, పచ్చకు రెండు. నేను తడిమి చూసుకోని నేస్తా. ఒకసారి ముడి ఊడిపాయ. అంచులో ఎరుపు పోవాల్సిన కాడ పచ్చ పోయింది. చీర తిరిగొచ్చింది. అమ్మ తనే కండె మార్చి ఇచ్చినానని చెప్పి తిట్లు తిన్యాది."

"కంపెనీలో మీటరు పెట్టి బోర్డులు పరీక్ష చేసే బల్ల ఉండాది. దానికి రంగుతో పని లేదు. నీ చెయ్యి దానికే సరి. వాళ్ళతో నేను మాట్లాడతా, సమయం చూసి. అంతవరకు ఈ మాట ఈ గది దాటదు."

అతను తల ఊపాడు. మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగి, "రేపు దారం తెచ్చేదా మేడం? ఇంట్లో వేస్టు పట్టు ఊరికే ఉంటాది," అన్నాడు.

మరుసటి రోజు ఫరీన్ పాఠం మార్చేసింది. వైరు కొసకు పట్టుదారం కట్టాలి. ఎరుపుకు ఒక ముడి, పచ్చకు రెండు, పసుపుకు మూడు, నలుపుకు ఏమీ లేదు. "పెట్టె లోపల, బల్ల కింద, కరెంటు లేనప్పుడు పని చేయాల్సొస్తాది. వైరు చేతికే తెలియాల," అంది. అది అబద్ధం కాదు. ఒకరికోసం పాఠం మారిస్తే ఆ ఒకరి మీద అందరి చూపూ పడుతుంది. అందరికోసం మారిస్తే ఎవరి మీదా పడదు. ఆమెకు తెలిసిన చిట్కా అదొక్కటే. ఫోనులో సరైన జవాబుకు పచ్చ, తప్పుకు ఎరుపు చూపించే ఏర్పాటు కూడా తీసేసి, టిక్కు, ఇంటు గుర్తు పెట్టింది.

బుధవారానికి క్లాసులో ఎర్ర వైరు అనేవాళ్ళే లేరు. ఒకముడి, రెండుముడి. తనూజ చున్నీ కళ్ళకు కట్టుకుని సర్క్యూట్ మొత్తం బిగించింది, లైటు వెలిగింది. "కండ్లుండేది ఊరికే దండగ," అంది. సాయిప్రసాద్ పక్కవాడి కోసం ఆగకుండా డబ్బాలో చేయి పెట్టాడు. పెట్టినంత వేగంగా తీశాడు. తీసిన వైరును ఒకసారి చూసుకుని, తనలో తనే నవ్వుకున్నాడు.

రియాజ్ తలుపు దగ్గర నిలబడి ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు.

"ఈ ముడులు ఎవురి కోసం?"

"అందరి కోసం."

"అందరి కోసమంటే ఎవురో ఒకరి కోసమే అబ్బా," అని నవ్వి, ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం హిందూపురంలో ఇంటికి వచ్చేసరికి తండ్రి మొహిద్దీన్ సాబ్ మార్కెట్ నుంచి అప్పుడే వచ్చి, చొక్కాకు అంటిన పట్టుగూళ్ళ నూగు దులుపుకుంటున్నాడు. గూళ్ళ బేరాల్లో మధ్యవర్తిగా ముసలివాడైన మనిషి. ఫరీన్ వక్కలు కత్తిరించి ఇస్తూ క్విజ్ సంగతి చెప్పింది. పేర్లు చెప్పలేదు.

"మేమూ అంతే గదమ్మా. గంపలో చెయ్యి పెట్టి నాలుగు గూళ్ళు తీసి కోసి చూస్తాం," అన్నాడు.

"మీరు ధర కట్టేకి కోస్తారు నాయనా. నేను బాగు చేసేకి."

"కోసి చూసినాక ధర కట్టకుండా ఎవురు పోతారు? నువ్వు కట్టకపోతే నీ పక్కన నిలబడినోడు కడతాడు."

"పక్కన ఎవురూ లేరులే."

మొహిద్దీన్ సాబ్ వక్క దవడకు పెట్టుకుని కాసేపు నమిలాడు. "ఆ గూళ్ళ కోతలో మోసపోయిన రైతు మాతో పోట్లాడతాడనుకుంటావేమో. పోట్లాడడు. మళ్ళసారి పైన మంచి గూళ్ళు పరిచి తెస్తాడు. నవ్వుకుంటా తెస్తాడు. అప్పుడింక ఆ గంపలో ఏముండాదో మాకు ఎప్పటికీ తెలీదు."

ఫరీన్ నవ్వింది. నాన్న ఏ మాట ఎత్తినా మార్కెట్‌కే పోతుంది.

శుక్రవారం కంపెనీ మనుషులు వచ్చారు. శ్రీదేవి అనే ఆవిడ ముందు, ఫైళ్ళు పట్టుకుని ఇంకొకాయన వెనక. పిల్లలంతా ఇస్త్రీ చొక్కాల్లో, జడలకు నూనె రాసుకుని వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డారు. రియాజ్ పేర్లు పిలిచాడు. పిలిచినవాళ్ళు లోపలికి పోతున్నారు. పేర్లు అయిపోయాయి. సాయిప్రసాద్, ఇంకో ఇద్దరు వరండాలోనే మిగిలారు. ఆ ఇద్దరూ సోమవారం క్విజ్‌లో ఎక్కువ తప్పులు పెట్టినవాళ్ళు. ఎందుకు పెట్టారో తెలుసుకుని, బుధవారమంతా ఫరీన్ వాళ్ళ పక్కనే కూర్చుంది.

ఏదో పొరపాటు జరిగిందనుకుని ఆమె తలుపు దాకా వెళ్ళింది. శ్రీదేవే ఎదురొచ్చింది, చేయి చాచుతూ.

"ఫరీన్ గారు మీరేనా? మీ క్విజ్ చూశానండీ. ప్రతి తప్పు కిందా అది ఎందుకు చేస్తారో కూడా రాశారు. మాకు సగం పని తప్పింది. ముఖ్యంగా ఆ ఏడో ప్రశ్న. రంగులు తెలియనివాళ్ళను పట్టుకోవాలంటే మేం డాక్టరు దాకా పోవాలి. మీరు ఒక్క బొమ్మతో పట్టేశారు."

గొంతులో నిజమైన మెచ్చుకోలు ఉంది. అందుకే గట్టిగా మాట్లాడింది. వరండా పొడుగునా వినిపించింది. నీళ్ళ డ్రమ్ము దగ్గర సాయిప్రసాద్ గ్లాసు ముంచుతూ ఆగిపోయాడు. పక్కన నిలబడిన పిల్లలు ఒక్కొక్కరే అతని వైపు తిరిగారు. ఫరీన్ కళ్ళు మూసుకోలేదు. ఈసారి అతను కూడా ఆమె ముఖం చూడలేదు. గ్లాసును డ్రమ్ము మూత మీద బోర్లించి మెట్లు దిగిపోయాడు.

"మీటరు బల్లకు రంగుతో పని లేదు కదండీ," అంది ఫరీన్. మాట ఆమెకే దూరంగా వినిపించింది. "ఆ పిల్లవాడు దానికి..."

"అవన్నీ మేం చూడమండీ. మా లైన్లో ఎవరైనా ఎక్కడైనా నిలబడాలి. అయినా వద్దన్నది మేం కాదు కదా. ఏరి పంపింది మీ సెంటరే."

రియాజ్ కింద టీ అంగడి దగ్గర దొరికాడు. ఆమెను చూడగానే ఇంకో టీ చెప్పాడు. క్విజ్ అకౌంట్ సెంటరుది, సెంటరు అతనిది. పాస్‌వర్డ్ మొదటిరోజు నుంచే ఇద్దరికీ తెలుసు. ఎవరూ చూడరని పిల్లలకు మాటిచ్చేటప్పుడు ఆ సంగతి ఆమెకు తోచనే లేదు. రియాజ్‌ను ఆమె ఎప్పుడూ "ఎవరో" కింద లెక్క కట్టలేదు.

"వాళ్ళు అడిగినారు, ఇచ్చినా," అన్నాడు.

"నన్ను అడిగినావా?"

"అడిగితే ఇస్తావా?"

"ఇయ్యను."

"అందుకే అడగలే."

టీ వచ్చింది. గ్లాసును ఆమె వైపు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

"నేను నేర్పించేకి పెట్టుకున్నది అది. ఏరేకి కాదు రియాజ్."

"వాడు కంటి పరీక్షలో ఎట్లాగూ దొరికిపోతాడు. అప్పుడు మన సెంటరు పేరు పోతాది. ముందే మనమే పక్కన పెడితే నమ్మకస్తులంటారు. మళ్ళ బ్యాచ్ ఇస్తారు. మిగిలినోళ్ళకు పని దొరుకుతాది, నీకూ నాకూ నడుస్తాది. ముగ్గురి కోసం అందరినీ ముంచుకుంటామా?"

"మీటరు బల్ల సంగతి చెప్పినావా వాళ్ళకు?"

"బేరం తెగేటప్పుడు కొత్త మాట ఎత్తకూడదు. మీ నాయనను అడుగు, చెప్తాడు." తన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "నీ పనిని నేను నా పనని చెప్పుకోలే ఫరీన్. నీ పేరు పెట్టే పంపినా. పైన పెద్దగా. అది చూడు ముందు."

చేసిన మంచి కనపడలేదని నొచ్చుకున్న మనిషి గొంతు అది. పాలిటెక్నిక్‌లో వేడి ఐరన్ పిడి ఆమె వైపు ఉండేట్టు తిప్పి ఇచ్చేవాడు. ఇప్పుడూ అట్లాగే ఇచ్చాననుకుంటున్నాడు. టీ మీద మీగడ కట్టింది.

"పాస్‌వర్డ్ మార్చి నాకియ్యి. ఇంక బీగం చెవి నా దగ్గరే ఉండాల."

"చూద్దాంలే," అన్నాడు.

ఆదివారం ఫరీన్ రైలెక్కి ధర్మవరం పోయింది. సాయిప్రసాద్ ఇల్లు సందు చివర. పక్క ఇళ్ళలో మగ్గాల చప్పుడు, వాళ్ళ ఇంట్లో మాత్రం లేదు. తండ్రి లేడు. తల్లి వెంకటక్క రాట్నం ముందు కూర్చుని కండెకు దారం చుడుతోంది. అతను పక్కన చిక్కు పడిన దారం విడదీస్తున్నాడు. మేడమ్‌ను చూసి లేచి పీట వేశాడు.

వెంకటక్క రాట్నం ఆపలేదు. "నీళ్ళియ్యి రా," అంది కొడుకుతో. తరువాత, "బ్యాచ్‌లో పిల్లోళ్ళు వచ్చి చెప్పినారు. వీళ్ళ నాయన ఉన్నప్పుడే వచ్చినారు," అంది.

ఫరీన్ ఏం చెప్పాలో రైల్లో సర్దుకుని వచ్చింది. పాస్‌వర్డ్, అకౌంట్, రియాజ్. ఆ గదిలో ఆ మాటలు వేటికీ బరువు లేదు.

"నేను పంపలేదమ్మా," అని మాత్రం అంది.

"పంపినారని నేను అన్యానా?" దారం తెగింది. వెంకటక్క రెండు కొసలూ కలిపి వేలి మీద మెలి తిప్పింది, చూడకుండానే. "వాని చిన్నప్పటి నుంచి ముడేసి దాచి పెట్టుకున్యా. మీరు నాలుగు దినాల్లో ఇప్పేస్తిరి. అంతే."

"అమ్మా," అన్నాడు సాయిప్రసాద్.

"కోపం కాదురా. ఉన్నది చెప్తాండా."

సందు మొదటిదాకా అతను కూడా వచ్చాడు. రంగులద్ది ఎండకు ఆరేసిన పట్టుదారపు చిలపలు గోడ పొడుగునా వేలాడుతున్నాయి, అతనికి ఏవి ఏ రంగుగా కనిపిస్తాయో ఫరీన్‌కు తెలియదు.

"నాయన ఏమన్నాడు?"

"ఏమీ అనలే. అమ్మతో మాట్లాడేది మానేసినాడు." కొంచెం దూరం నడిచాక, "మీ తప్పు కాదు మేడం. మీరు కండ్లు మూసుకున్యారు గదా, అప్పుడే నేను ఏదో ఒక వైరు తీసి ఇచ్చేయాల్సింది," అన్నాడు.

"రేపు వస్తావా?"

"వస్తా. సర్టిఫికెట్ కావాల గదా."

సోమవారం పొద్దున ఆమె మెట్లెక్కుతుండగానే రియాజ్ ఎదురొచ్చి చీటీ చేతిలో పెట్టాడు. "ఇంద, కొత్త పాస్‌వర్డ్. నాకు గుర్తు కూడా లేదు. మార్చుకో కావాలంటే. నీ మనసు కుదుట పడితే చాలు."

మార్చుకుంది. క్లాసులోకి పోయి బల్ల ముందు నిలబడింది. శుక్రవారం కంపెనీ ఎన్నుకున్నవాళ్ళూ ఉన్నారు, మిగిలినవాళ్ళూ ఉన్నారు. సాయిప్రసాద్ వెనక బల్ల నుంచి తనూజ పక్కకు మారి కూర్చున్నాడు.

"పోయిన వారం మీకొక మాట ఇచ్చినా. నిలబడలేదు. ఆ బీగం చెవి ఇంకొకరి దగ్గర కూడా ఉండాదని మీకు చెప్పకుండా మాటిచ్చినా. ఇప్పుడు అది నా ఒక్కదాని దగ్గరే ఉండాది. ఈ క్విజ్ ఎక్కడికీ పోదు."

ఎవరూ నవ్వలేదు. తనూజ వైపు చూసింది. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూసింది.

"సరే మేడం," అంది తనూజ.

శనివారం సాయంత్రమంతా కూర్చుని చేసిన క్విజ్ అది. తప్పు జవాబులు అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఫరీన్ బల్లల మధ్య నడిచింది. బొమ్మ ఉన్న ప్రశ్న వచ్చినప్పుడు సాయిప్రసాద్ ఫోను చూడటం లేదు. తనూజ ఎడమ చేయి బల్ల మీద ఉంది. మూడో జవాబుకు మూడు వేళ్ళు తెరిచి ఉన్నాయి. అతని కళ్ళు ఆ వేళ్ళ మీద ఉన్నాయి. ముందు బల్లవాళ్ళకు వెనక్కి తిరగాల్సిన పని లేకుండా తనూజ కాలి చెప్పు నేల మీద మూడుసార్లు తట్టింది.

ఫరీన్ ఆగకుండా నడిచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఏమనగలదు? ఆ వేళ్ళు చేస్తున్నది ఆమె చెప్పిన పాఠమే. ఒకరి మీద చూపు పడకుండా అందరూ ఒకే రకంగా చేయడం.

కిటికీ కింద వైర్ల డబ్బా ఉంది. ఊరికే చేయి పెట్టి ఒక వైరు తీసింది. వేళ్ళతో కొసదాకా తడిమింది. నున్నగా ఉంది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఏ వైరుకూ దారం లేదు.

"ముడులు యాడ పోయినాయి?"

తనూజే చెప్పింది, ఫోను మీద నుంచి తల ఎత్తకుండా. "ఊడిపోయినాయి మేడం."

జవాబులు వచ్చాయి. పేరు తరువాత పేరు, ప్రతి గడిలో టిక్కు. ఇంటు గుర్తు కోసం కిందికంటా జరిపి చూసింది. మళ్ళీ పైకి జరిపింది. పైన పరిచిన గూళ్ళు. నాన్న చెప్పిన ఆ గంపలో ఇక చేయి పెట్టి లాభం లేదు.

రియాజ్ వెనక నుంచి తొంగి చూశాడు. "అందరికీ అన్నీ కరెక్టా? ఒక్క వారంలో ఎట్ల చెప్పినావబ్బా. ఇది కంపెనీకి..." అని ఆపి, "నీ ఇష్టంలే. బీగం చెవి నీ దగ్గరే ఉండాది గదా," అన్నాడు.

ఉంది. లోపల సరుకే లేదు.

ఫరీన్ ఫోను బోర్లించి పెట్టి క్లాసు వైపు తిరిగింది. "డౌట్లేమైనా ఉండాయా?"

"లేవు మేడం," అన్నారు అందరూ ఒకేసారి. సాయిప్రసాద్ మాత్రం తనూజ పెదవులు కదిలేదాకా ఆగి, ఒక్క క్షణం ఆలస్యంగా అన్నాడు.